అటక మీది అట్టపెట్టె

మా ఇంటి అటక మీద ఒక అట్టపెట్టె ఆరు నెలల పాటు మూత తీయకుండా పడి ఉంది. అందులో ఏముందో నాకు తెలుసు. తెలిసినా తెలియనట్లే ఆ రోజులు గడిపాను. ముప్పయ్యేళ్లకు పైగా రేడియోలు, టేప్‌రికార్డర్లు, టీవీలు బాగుచేస్తూ జీవనం సాగిస్తున్న వాణ్ణి నేను. చెడిపోయిన వస్తువు కంటబడితే నా చేతులు ఊరుకోవు. అటువంటిది, నా చేతులతో నేనే పాడుచేసిన వస్తువును ముట్టుకోవడానికి మాత్రం నాకు ధైర్యం చాలలేదు.

ఆ వస్తువును ఫైట్ స్టిక్ అంటారు. హార్మోనియం పెట్టె కంటె కాస్త చిన్నదిగా, ఒళ్లో పెట్టుకునేందుకు వీలుగా ఉంటుంది. ఎడమవైపు నిమ్మకాయంత గుండు ఉన్న ఒక పిడి, కుడివైపు ఎనిమిది గుండ్రని బటన్లు. తెర మీద ఇద్దరు యోధులు తలపడే ఆటలను దీనితో ఆడతారు. ఇటువంటి ఆటలకు ప్రపంచమంతటా పేరు తెచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2 జపాన్‌లో 1991లో వచ్చింది, టెక్కెన్ 1994లో వచ్చింది. ఆ రోజుల్లో వాటిని నిలువెత్తు యంత్రాల ముందు నిలబడి, నాణెం వేసి ఆడేవారు. తర్వాత ఆటలు ఇళ్లలోకి వచ్చాయి. పిడికీ బటన్లకూ అలవాటుపడిన చేతులు మాత్రం వాటినే కోరుకున్నాయి. అందుకని ఆ యంత్రం పైభాగాన్ని మాత్రం కోసి తెచ్చినట్లుగా ఈ పెట్టెలు తయారయ్యాయి.

ఇవన్నీ నాకు ఇప్పుడు తెలుసు. ఆ రాత్రి తెలియవు. ఆ రాత్రి నాకు తెలిసింది వేరు.

1990ల్లో మా ఊరి బస్టాండు దగ్గర ఒక వీడియోగేమ్ పార్లరు ఉండేది. అందులోని యంత్రాలు మొరాయిస్తే యజమాని నన్ను పిలిచేవాడు. రెండు మూడుసార్లు వెళ్లాను. బడి ఎగ్గొట్టి వచ్చిన పిల్లలు ఒక్కో ఆట మీద డబ్బు పందెం కాయడం అక్కడ కళ్లారా చూశాను. ఓడిన ఒక పిల్లవాడు, ఇంట్లో బియ్యానికని ఇచ్చిన డబ్బు పోయిందని గోడకు ఆనుకొని ఏడ్చాడు. జూదాన్ని అల్లాహ్ నిషేధించాడు. జూదానికి సాధనమైన యంత్రాన్ని బాగుచేసి సంపాదించిన పైసా నా బిడ్డల నోటికి వెళ్లకూడదని ఆనాడే నిశ్చయించుకొని, మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. నా నిశ్చయం సరైనదే. అయితే నేను గమనించని సంగతి ఒకటి ఉంది. నేను అసహ్యించుకోవలసింది పందేన్ని. నా మనసు ఆ పిడినీ బటన్లనూ కూడా పందెంతో కలిపి మూటకట్టి దాచుకుంది.

రబీఉల్ అవ్వల్ నెల మొదటి రోజులవి. ఇషా నమాజు ముగించుకొని ఇంటికి వచ్చాను. మసీదులో మా పెద్దబ్బాయి కనబడలేదు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న వాడు, ముందు గదిలో ఆ పెట్టెను బల్ల మీద పెట్టుకొని తెర వైపు చూస్తున్నాడు. తెర మీద ఒక యోధుడు వంగుతున్నాడు, లేస్తున్నాడు. పిడి టకటకలాడుతోంది. ఆ చప్పుడు వినగానే పార్లరూ, పందెమూ, ఏడ్చిన ఆ పిల్లవాడూ ఒక్కసారిగా నా కళ్ల ముందు నిలిచారు. ఒక్క ప్రశ్న అడగలేదు. "నమాజు కంటె ఇది ఎక్కువైపోయిందా?" అంటూ పెట్టెను చేత్తో తోసేశాను. అది బల్ల మీది నుంచి బండల మీద పడింది. చెక్క మూల విచ్చుకుంది. ఒక బటన్ ఊడి తలుపు దాకా దొర్లిపోయింది.

వాడు నావైపు చూశాడు. నోరు తెరవలేదు. ముక్కలన్నీ ఏరి అట్టపెట్టెలో సర్ది అటక ఎక్కించాడు. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్య సలాము, దానికి జవాబు తప్ప మాటలు లేకుండా పోయాయి. అడిగిన పని చేసేవాడు. అన్నం పెట్టినప్పుడు తినేవాడు. మర్యాదలో లోపం లేదు. ఆ మర్యాదే నన్ను ఎక్కువగా బాధించింది. మా ఆవిడ రెండుసార్లు, "మీరే ముందు మాట్లాడండి, వాడు మీ బిడ్డే కదా" అంది. తండ్రి ముందు మాట్లాడితే చులకనైపోతాడన్న పాత గర్వం నా నాలుకను కట్టేసింది.

షాబాన్ చివరి రోజుల్లో, రమజాను వస్తున్నదని ఇల్లు దులుపుతుండగా ఆ పెట్టె నా చేతికి వచ్చింది. మూత తెరిచాను. పైన మడత పెట్టిన కాగితం ఒకటి ఉంది. వాడి చేతిరాతే. నాలుగు తేదీలు, వాటి ఎదురుగా నాలుగు మొత్తాలు, ఆఖరున "బాకీ లేదు" అన్న రెండు మాటలు. అర్థం కాక మా ఆవిడకు చూపించాను. ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, అప్పుడు చెప్పింది. ఆ స్టిక్ మావాడిది కాదు. వాడి స్నేహితుడిది. ఆ స్నేహితుడి అన్న దుబాయి నుంచి తెచ్చి ఇచ్చిన కానుక. పిడిని కిందికి లాగితే పనిచేయడం లేదని బాగుచేయమని మావాడికి ఇచ్చాడట. ఆ రాత్రి వాడు ఆడుతున్నది పందెమూ కాదు, పోటీ కూడా కాదు. బాగుచేసిన తర్వాత ఎదుట ఎవరూ లేని సాధన తెర మీద, పిడి అన్ని దిక్కులకూ సరిగా పలుకుతున్నదా అని పరీక్షించుకుంటున్నాడు. నమాజు సంగతీ చెప్పింది. ఆ రోజు కాలేజీ నుంచి ఆలస్యంగా వచ్చి, జమాతు అందక ఇంట్లోనే ఇషా చదువుకున్నాడు. మూలన పరచిన జానమాజ్‌ను అప్పటికి ఇంకా మడవలేదు. గదిలోకి వచ్చిన నాకు పెట్టె కనబడింది గాని ఆ జానమాజ్ కనబడలేదు.

అమానతుగా ఇంటికి వచ్చిన పరాయి వస్తువును నేను పగలగొట్టాను. నా బిడ్డ పిల్లలకు ట్యూషన్లు చెప్పి నాలుగు నెలల పాటు దాని వెల తీర్చాడు. తండ్రి పరువు పోతుందని తీర్చిన కారణం ఎవరికీ చెప్పలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సూరా అల్ హుజురాత్‌ను దర్సుల్లో ఎన్నోసార్లు విన్న వాణ్ణి. విశ్వాసుల మధ్య సర్దుబాటు చేయమన్న ఆదేశమూ, అనుమానాలకు దూరంగా ఉండమన్న హెచ్చరికా ఆ సూరాలో ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నాయి. ఇంతకాలం వాటిని పొరుగువారి తగాదాలకే అన్వయించుకున్నాను. హజ్రత్ అనస్ (రజి) పదేళ్లు దైవప్రవక్త (స)కు సేవ చేశారు. ఆ పదేళ్లలో ప్రవక్త (స) తనను ఒక్కసారైనా విసుక్కోలేదని, ఇలా ఎందుకు చేశావని నిలదీయలేదని ఆయనే చెప్పారు. అనస్ (రజి) సేవకుడు. నా ఎదుట ఉన్నది నా కన్నకొడుకు.

మర్నాడు ఫజర్ తర్వాత అట్టపెట్టెను దుకాణానికి తీసుకెళ్లాను. సాయంత్రం వాణ్ణి రమ్మని మాత్రం చెప్పాను, ఎందుకో చెప్పలేదు. వాడు వచ్చి, బల్ల మీద విప్పి ఉన్న స్టిక్‌ను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "దీని తీరు నాకు తెలియదు. నువ్వు చెబితే నేను చేస్తాను" అన్నాను. ముప్పయ్యేళ్ల పనివాడు ఇరవై ఏళ్ల పిల్లవాడితో ఆ మాట అనడం అంత తేలిక కాదు. అన్న తర్వాత ఎందుకో గుండె తేలికపడింది.

అడుగు పలకను విప్పి చూడగానే నాలోని పనివాడు సంతోషించాడు. ఈ రోజుల్లో చేతికి వచ్చే వస్తువులు చాలావరకు జిగురుతో అతికించినవి, తెరిస్తే పగిలేవి. ఇది అలా లేదు. ప్రతి భాగమూ విప్పి, మార్చి, తిరిగి బిగించుకునే విధంగా ఉంది. పిడినీ బటన్లనూ చేసింది సాన్వా అనే జపాన్ కంపెనీ. నాణెం వేసి ఆడే అక్కడి యంత్రాల్లో పగలూ రాత్రీ వేల చేతుల దెబ్బలు తినేందుకు తయారైన భాగాలివి. ఆట బటన్ల రంధ్రం 30 మిల్లీమీటర్లు. ఒకటి పోతే అదే కొలతకు చేసిన మరొకటి తెచ్చి బిగిస్తే సరిపోతుంది.

ముందుగా తీగల దారిని కాగితం మీద గీసుకున్నాను. అది నా పాత అలవాటు. వాడు ఫోనుతో ఫోటో తీశాడు, అది వాడి అలవాటు. ప్రతి బటన్‌కూ రెండు కాళ్లు ఉంటాయి. ఒక కాలికి దాని సొంత తీగ. రెండో కాలికి ఒకే నల్లతీగ బటన్ నుంచి బటన్‌కు గొలుసులా తిరుగుతుంది. పరీక్షిస్తే నాలుగు బటన్లు పలకడం లేదు. కొత్తవాడైతే నాలుగూ పోయాయనుకొని కొత్తవి కొంటాడు. మల్టీమీటరు పెట్టి చూస్తే ఆ నల్లతీగ ఒక్కచోట ఊడింది. దాని తర్వాత ఉన్నవన్నీ మూగబోయాయి. ఆ క్లిప్పును తిరిగి తొడగగానే మూడు పలికాయి. నాలుగో బటన్ మాత్రం పడినప్పుడే అంచు విరిగి ఊడిపోయింది కనుక దాన్ని మార్చక తప్పలేదు. క్లిప్పులు తీసేటప్పుడు తీగను పట్టి లాగకూడదని, లోహపు భాగాన్నే సన్నమూతి పటకారుతో పట్టి మెల్లగా కదిలిస్తూ తీయాలని వాడు హెచ్చరించాడు. తొందరపడితే బటన్ కాలు విరుగుతుంది. నిజానికి ఆ హెచ్చరిక నేను నా శిష్యులకు ఇచ్చేదే. వాడి నోట వినడం కొత్తగా ఉంది.

తర్వాత పిడి. దాని కింద ఒక చిన్న పలక మీద నాలుగు మైక్రోస్విచ్‌లు నాలుగు వైపులా ఉన్నాయి. మూలకు నెడితే రెండు స్విచ్‌లు కలిసి నొక్కుకుంటాయి. అలా నాలుగు స్విచ్‌లతోనే ఎనిమిది దిక్కులు పలుకుతాయి. పిడిని కదిలిస్తూ చెవి దగ్గర పెట్టుకొని విన్నాను. మూడు వైపులా టిక్కుమంది. కుడివైపు కూడా టిక్కుమంది గాని మీటరు ఉలకలేదు. అంటే స్విచ్ బాగానే ఉంది, అతుకు విడిపోయింది. భూతద్దంతో చూస్తే టంకం చుట్టూ వెంట్రుకంత పగులు. దెబ్బకు వచ్చిందే. పాత టంకాన్ని తీసి, శుభ్రం చేసి, కొత్తది వేశాను. ఒక్క నిమిషం పని. ఆ నిమిషం పనికి ఆరు నెలలు పట్టింది.

అటక మీది దుమ్ము చేరి పిడి మొరటుగా తిరుగుతోంది. దాన్ని పూర్తిగా విప్పాలన్నాడు. ఇరుసు కింది కొనలో ఒక గాడి ఉంది. అందులో స్క్రూడ్రైవరు ఆనించి పట్టుకొని పైనున్న గుండును తిప్పితే ఊడి వస్తుంది. ఆ తర్వాత స్ప్రింగును అదిమిపట్టి, ఇరుసు కొనకు తొడిగిన చిన్న లోహపు క్లిప్పును తీయాలి. "జాగ్రత్త, ఎగిరిపోతుంది" అని వాడు అంటుండగానే అది ఎగిరిపోయింది.

కందిగింజంత క్లిప్పు. అది లేకపోతే పిడి నిలవదు. ఇద్దరం నేల మీద మోకాళ్లపై కూర్చొని వెతికాం. వాడు ఫోను లైటు వేశాడు, నేను బల్ల కింద చేయి పోనిచ్చాను. పాత స్పీకర్లూ తీగచుట్టలూ జరిపాం. దుమ్ములో ఇద్దరి తలలూ ఒకదానికొకటి తగిలాయి. వాడికి నవ్వు వచ్చింది, ఆపుకున్నాడు. ఆరు నెలల తర్వాత ఆ ముఖంలో నవ్వు చూశాను. ఇంక ఆగలేకపోయాను. నేల మీద అలాగే ఉండి, "ఆ రోజు తప్పు నాదే, బేటా. నిన్ను అడగకుండానే నేరం మోపాను. నన్ను క్షమించు" అన్నాను.

వాడు చాలాసేపు లైటును ఒకేచోట పట్టుకొని ఉండిపోయాడు. తర్వాత, "అబ్బాజాన్, మీ మోకాలి దగ్గరే ఉంది" అన్నాడు. క్లిప్పు అక్కడే ఉంది. దాన్ని తీసి నా అరచేతిలో పెట్టి, ఆ చేతిని కాసేపు వదలలేదు.

పాత గ్రీజును గుడ్డతో తుడిచి, ప్లాస్టిక్‌కు హాని చేయని సిలికోన్ గ్రీజును పలుచగా పూశాం. ఎక్కువ పూస్తే మళ్లీ దుమ్మే చేరుతుంది. పిడి కింద చతురస్రాకారపు హద్దుపలక ఒకటి ఉంటుంది, ఇరుసు దాన్ని దాటిపోదు. దాన్ని బిగిస్తూ వాడు ఒక మాట చెప్పాడు. కొత్తగా ఆడేవారు ప్రతిసారీ పిడిని ఆ గోడకేసి కొడతారట. స్విచ్ మాత్రం గోడ దాకా పోకముందే పలుకుతుంది. నేర్చిన చేయి అక్కడే ఆగి వెనక్కి వస్తుంది. వాడు ఆట గురించే చెప్పాడు. నాకు నా కోపం గుర్తుకు వచ్చింది.

విచ్చుకున్న చెక్క మూలకు జిగురు పూసి బిగించి ఒక రాత్రి ఉంచాం. మిగిలింది పైకప్పు బొమ్మ. పారదర్శకమైన అక్రిలిక్ పలక కింద ఉండే ఆ కాగితం మీద దుస్తులు సరిగా లేని ఒక స్త్రీ బొమ్మ ఉంది. దాన్ని తీసేస్తానని మావాడు తన స్నేహితుణ్ణి ముందే అడిగాడట, అతడూ సరేనన్నాడు. పలక విప్పితే కాగితాన్ని మార్చుకోవడం తేలిక. మా చిన్నమ్మాయి వృత్తలేఖినితో ఒక చతురస్రం మీద మరొక చతురస్రాన్ని ఏటవాలుగా వేసి ఎనిమిది కోణాల నక్షత్రం గీసింది. మన పాత మసీదుల జాలీల్లో కనిపించే నమూనాయే అది. నీలం, తెలుపు రంగులు వేసింది. పిడికీ ఎనిమిది దిక్కులే, బటన్లూ ఎనిమిదే అని తానే లెక్కపెట్టి మురిసిపోయింది. బటన్ల చోటును గుండ్రంగా కత్తిరించి పలక కింద పెట్టాం.

ఆటల గురించి నా అభిప్రాయం పూర్తిగా మారిందని చెప్పను. పందెం హరామే. అశ్లీలం హరామే. నమాజు వేళను మింగే ఆట మంచిది కాదు. అయితే పండుగనాడు హబషీలు మస్జిదె నబవీలో ఈటెలతో ఆడుతుంటే దైవప్రవక్త (స) వారించలేదని, హజ్రత్ ఆయిషా (రజి) చూసేందుకు వీలు కల్పించారని హదీసుల్లో ఉంది. హద్దులు ఎక్కడ ఉన్నాయో పిల్లలకు చూపవలసిన బాధ్యత మనది. చూపడానికి ముందు, వాళ్లు నిజంగా హద్దు దాటారో లేదో చూడవలసిన బాధ్యత కూడా మనదే. ఒకనాడు మావాడు జపాన్‌కు చెందిన డైగో ఉమెహరా గురించి చెప్పాడు. ఈ ఆటల్లో ప్రపంచప్రసిద్ధుడైన అతడు మధ్యలో కొంతకాలం అన్నీ వదిలి వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పనిచేశాడట. ముసలివారికి సేవచేసిన చేతులూ, ఆ పిడి పట్టిన చేతులూ ఒక్కటే. చేతిలోని వస్తువును చూసి మనిషిని తూచడం ఎంత తొందరపాటో నాకు మరోసారి అర్థమైంది.

రమజాను మొదటి వారంలో మావాడు స్టిక్‌ను స్నేహితుడి ఇంటికి తీసుకెళ్లాడు. వెంట నేనూ వెళ్లాను. పగలగొట్టింది నేనేనని ఆ అబ్బాయికి నా నోటితోనే చెప్పాను. అతడు స్టిక్‌ను తీసుకున్నాడు గాని, మావాడు ఇచ్చిన డబ్బు ఉంచుకోనని పట్టుబట్టాడు. చేతిలో ఒక్కసారిగా అంత లేకపోవడంతో తానూ నాలుగు నెలల్లో తిరిగి ఇచ్చాడు. మావాడు అదే కాగితం వెనుకవైపు మరో నాలుగు తేదీలు రాసుకున్నాడు.

దైవప్రవక్త (స) తన చెప్పులను తానే బాగుచేసుకునేవారని, తన బట్టలు తానే కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలియజేశారు. అది చదివినప్పుడల్లా నా వృత్తి గురించి నాకు గౌరవం కలిగేది. ఇప్పుడు మరొక సంగతీ తోస్తుంది. అరబ్బీలో ఇస్లాహ్ అన్న మాట చెడిపోయినదాన్ని చక్కదిద్దడానికీ వాడతారు, మనుషుల మధ్య సంధి కుదర్చడానికీ వాడతారు. ముప్పయ్యేళ్లుగా నేను ఆ మాటలో ఒక సగాన్నే పనిగా పెట్టుకొని బతికాను.

ఇప్పుడు అస్ర్ తర్వాత మావాడు దుకాణానికి వచ్చి నా పక్కన కూర్చుంటాడు. కాలేజీ పిల్లలు మొరాయించిన కంట్రోలర్లూ, జాయ్‌స్టిక్‌లూ తెస్తుంటారు. టంకం నాది, పరీక్ష వాడిది. మగ్రిబ్ అజాన్ వినబడగానే సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గు తీసి ఇద్దరం కలిసి బయలుదేరతాం. ఎవరింటి అటక మీదనైనా ఇటువంటి అట్టపెట్టె ఒకటి ఉంటే, రమజాను దాకా ఆగకుండా దాన్ని కిందికి దించే శక్తిని అల్లాహ్ ఆ ఇంటి పెద్దకు ప్రసాదించుగాక. ఆమీన్.